పొద్దున ఎనిమిదింటి మాత్ర

మతిమరుపు క్లాసులో ఫస్టు వచ్చింది నేనే. అదేం గొప్ప అని మీరు నవ్వుకోవచ్చు. మొదట్లో నేనూ నవ్వుకున్నాను. ఇప్పుడు మాత్రం నవ్వు రావడం లేదు.

ముందు నేనెవరో చెప్పాలి. ముప్ఫై ఎనిమిదేళ్లు పెద్దాసుపత్రి మందుల కౌంటర్లో పనిచేశాను. నా వెనక గోడ నిండా సొరుగులు, మొత్తం నాలుగు వందల పన్నెండు. ఏ మందు ఏ సొరుగులో ఉందో కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. కోడి కెలికినట్టుండే డాక్టర్ల రాత కూడా నా దగ్గర నోరు విప్పేది. మా వీధిలో ఇప్పటికీ నన్ను మందులమ్మ అనే పిలుస్తారు. మాత్రలు లెక్కపెట్టడానికి మాకో పద్ధతి ఉంది. పళ్లెంలో పోసి, సన్నటి బద్దతో ఐదైదుగా పక్కకి నెట్టాలి. ఒకటీ రెండూ అని లెక్కపెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది. అన్నేళ్లలో నా చేతి మీద ఒక్క మాత్ర తేడా రాలేదు. అంటే, వచ్చి ఉంటే నాకు తెలియలేదు. ఈ రెండో వాక్యం కలపడం ఈమధ్యే నేర్చుకున్నాను.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆరేళ్ల క్రితం గుండెలో వాల్వు మార్చారు. అప్పట్నుంచి రోజూ పొద్దున ఎనిమిదింటికి రక్తం పల్చబడే మాత్ర ఒకటి వేసుకోవాలి. తెల్లగా, చిన్నగా, చొక్కా గుండీలో సగం ఉంటుంది. అది తగ్గితే రక్తం గడ్డకట్టి వాల్వుకి అడ్డం పడుతుంది. ఎక్కువైతే లోపలెక్కడో రక్తం కారడం మొదలవుతుంది, కారుతున్నట్టు మనకి తెలియదు కూడా. కూరలో ఉప్పులాగా కాస్త అటూ ఇటూ అయినా సర్దుకునే మందు కాదది.

ఆ మాత్ర ఇచ్చేది నేనే. ఆయన అడగరు, చూడరు. నేను చెయ్యి చాస్తే చాలు, అరచెయ్యి తెరుస్తారు. నేనేం పెడితే అది నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, "ఊఁ" అంటారు.

"నువ్విస్తే విషమైనా వేసుకుంటానోయ్" అని పరాచికాలాడేవారు.

"ఇస్తాను, తొందరేముంది" అనేదాన్ని నేను.

ఆ పరాచికం మేం ఇప్పుడు మానేశాం.

పోయిన ఏడాది చివర్లో నేను ఫోన్లో ఒకే సంగతి మూడుసార్లు అడిగానని మా అమ్మాయి కనిపెట్టింది. అది కళ్లద్దాల షాపులో అద్దాలు కోసి, ఫ్రేములో బిగించే పని చేస్తుంది. వెంట్రుకంత తేడా అయినా దాని కంట్లో పడుతుంది. నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన గడియారం బొమ్మ గీయమంటే చక్కగా గీశాను. ఐదు మాటలు చెప్పి, కాసేపాగి అప్పజెప్పమన్నారు. రెండే చెప్పగలిగాను. "తేలికపాటిదేనమ్మా, కంగారు పడకండి" అన్నారు. తేలికపాటిదే అన్న మాట కౌంటర్లో కూర్చుని నేనెంతమందికి చెప్పానో. చెప్పేటప్పుడు ఎవరి మొహమూ చూసేదాన్ని కాదు.

అమ్మాయి మర్నాడే ఒక ప్లాస్టిక్ డబ్బా పట్టుకొచ్చింది. వారానికి ఏడు గదులు, ఒక్కో గదికి ఒక్కో మూత, మూత మీద వారం పేరు.

"నాన్న మాత్రలు ఆదివారం ఆదివారం ఇందులో సర్దేస్తే చాలమ్మా. గది ఖాళీగా ఉంటే ఇచ్చినట్టు, లేకపోతే లేనట్టు" అంది.

"ఊరందరికీ మందులిచ్చినదాన్ని, నాకు డబ్బానా?" అన్నాను.

ఆ సాయంత్రమే ఆ ఏడు గదుల్లోనూ ఊడిన గుండీలు రంగులవారీగా సర్దేశాను. అది చూసి అమ్మాయి పళ్లు నూరింది. నా కూతురే కదా, కోపానికేం లోటు. చివరికి ఒప్పందానికొచ్చాం. లైబ్రరీ మేడ మీద పెద్దవాళ్లకి జ్ఞాపకశక్తి క్లాసులు పెడుతున్నారు, మూడు నెలలు నేను వెళ్లాలి. ఆఖర్న పరీక్ష ఉంటుంది.

"అందులో తేడా కనిపించకపోతే మాత్రం నాన్నని మా ఇంటికి తీసుకెళ్తాను. మాత్రలు నేనే ఇస్తాను. నువ్వు నాతో పోట్లాడకూడదు" అంది.

ఆయన్ని నా దగ్గర్నుంచి తీసుకెళ్తుందట. ఆ మాట విన్నప్పుడు మొదటిసారి భయమేసింది. దాని ఇల్లు బస్సులో ఇరవై నిమిషాలే. అయినా అక్కడున్నవి ఒకటిన్నర గదులు, నాకు చోటు లేదు. నలభై మూడేళ్లుగా నా పక్కన పడుకున్న మనిషి వేరే ఇంట్లో మాత్ర వేసుకుంటారు. నేనిక్కడ గుండీలు సర్దుకుంటూ కూర్చోవాలి.

అందుకే క్లాసుకి వెళ్లాను. అంత పట్టుదలగా స్కూలుకి కూడా వెళ్లలేదు.

అక్కడ ఎనిమిది మందిమి. కుర్చీలు పిల్లల విభాగంలోంచి తెచ్చినవి, మోకాళ్లు గడ్డానికి తగిలేవి. నా పక్కన రిటైరైన లిఫ్టు ఆపరేటరు కూర్చునేవాడు. ప్రతిసారీ "ఏ అంతస్తమ్మా?" అని నన్ను పలకరించి, తన జోకుకి తనే నవ్వేవాడు. మా టీచరుకి ముప్ఫై దాటి ఉండవు. మెత్తటి గొంతు, గట్టి మనిషి.

ఆ అమ్మాయి మాకు నేర్పిన వాటిలో ముఖ్యమైనది ఒకటుంది. రేపు చేయాల్సిన పనిని ఇవాళ సాయంత్రమే మనసులో చేసి చూసుకోవాలి. "రేపు గుర్తుంచుకుంటాను అనుకుంటే చాలదు. కళ్లు మూసుకుని ఆ పని చేయండి. చేతికేం తగులుతోంది? ఏం వినిపిస్తోంది? పక్కనున్నవాళ్లు ఏమంటున్నారు? అంతా చూడండి. రేపు ఆ గడియ రాగానే మీ చెయ్యే ఆ పని వెతుక్కుంటుంది" అని చెప్పేది.

ఒక్కొక్కళ్లం లేచి చెప్పాలి. లిఫ్టాయన మొక్కలకి నీళ్లు పోయడం చెప్పాడు, మూడు ముక్కల్లో ముగించాడు. నా వంతు వచ్చింది. కళ్లు మూసుకున్నాను. వంటింటి అరలోంచి గోధుమరంగు గాజుసీసా తీయడం, మూత తిప్పితే వచ్చే కీచుమనే చప్పుడు, మూత తిరగేసి అందులోకి ఒక్క మాత్ర వంచుకోవడం, అది మూతలో ఠంగుమనడం. మా ఆయన అరచెయ్యి, స్టీరింగు పట్టి పట్టి బొటనవేలి కింద కాయకాసిన చోటు. గోరువెచ్చటి నీళ్ల గ్లాసు. మింగుతుంటే గొంతులో కదిలే ముడి. "ఊఁ."

కళ్లు తెరిచాను. అందరూ చప్పట్లు కొట్టారు.

"అమ్మగారూ, మీరు చెబుతుంటే నేనే మింగినట్టనిపించింది" అంది టీచరు.

ఇంటికొచ్చి ఆయనకి ఆ సంగతి రెండుసార్లు చెప్పాను. మూడుసార్లు కూడా అయ్యుండొచ్చు. ఎంత పొంగిపోయానంటే, టీచరు రోజుకి ఒకసారి చేయమన్న సాధన నేను పదిసార్లు చేసేదాన్ని. బట్టలు మడత పెడుతూ ఇచ్చేదాన్ని, బస్సు కోసం నిలబడి ఇచ్చేదాన్ని. మధ్యలో జరిగిన చిన్న పరీక్షలో ఎనిమిది మందిలో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. అమ్మాయికి ఫోన్ చేసి, "మీ అమ్మ ఫస్టు. ఇంక డబ్బా మాటెత్తకు" అన్నాను.

పోయిన నెల ఆఖరివారంలో ఒకరోజు మధ్యాహ్నం వంటిల్లు తుడుస్తున్నాను. గట్టు మీద సీసా మూత తిరగేసి ఉంది. అందులో తెల్ల మాత్ర ఉంది.

చీపురు పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. పొద్దున నేను మాత్ర ఇచ్చాను. నాకు స్పష్టంగా గుర్తుంది. మూత కీచుమంది, ఆయన "ఊఁ" అన్నారు. మరి ఈ మాత్ర ఏమిటి? పక్కన గ్లాసు నిండుగా ఉంది, నీళ్లు చల్లారిపోయాయి. అప్పుడర్థమైంది. నాకు గుర్తున్నది పొద్దున జరిగింది కాదు. నేను సాధన చేసుకున్నది.

ఆ మాత్ర తీసుకుని హాల్లోకి వెళ్లాను. ఆయన అరచెయ్యి తెరిచారు, మింగారు.

"పొద్దున ఇవ్వలేదని మీకు తెలుసా?" అని అడిగాను.

"తెలుసు. తీరినప్పుడు నువ్వే ఇస్తావులే అనుకున్నా" అన్నారు.

తర్వాతి క్లాసులో టీచర్ని పక్కకి పిలిచాను. నా సంగతి కాదన్నట్టు నటిస్తూ, "నిజంగా చేసిన పనికీ, మనసులో చేసిన పనికీ తేడా ఎలా తెలుస్తుందమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి నా మొహంలోకి తేరిపార చూసింది.

"కొందరికి తెలియదు అమ్మగారూ. అందుకే చేసిన వెంటనే కాగితం మీద టిక్కు పెట్టుకోమంటాను. మందుల విషయంలో అయితే డబ్బా తప్పనిసరి. మీరు టిక్కు పెడుతున్నారు కదా?"

"పెడుతున్నాను" అన్నాను.

అబద్ధం చెప్పాను. ఎందుకంటే ఏం చెప్పను, ఫస్టు వచ్చినదాన్ని కదా. టిక్కు పెట్టుకోవడం సొరుగులు తెలియనివాళ్లు చేసే పని అనుకున్నాను. నా తలలో నాలుగు వందల పన్నెండు సొరుగులున్నాయి, ఒక్క తెల్ల మాత్రకి చోటుండదా అనుకున్నాను.

ఆ రోజునుంచీ పొద్దున తొమ్మిదయ్యేసరికి నాలో అనుమానం మొదలయ్యేది. ఇచ్చాను, గుర్తుంది. కానీ ఆ రోజు కూడా ఇలాగే గుర్తుందిగా. మూత చూసేదాన్ని, సీసాకే ఉండేది. అంటే ఇచ్చినట్టా, అసలు తీయనట్టా? గ్లాసు కడిగి ఉండేది. నేనే కడిగానా, నిన్నటినుంచీ అలాగే ఉందా? గుర్తున్నదంతా అద్దంలా తళతళలాడేది. నిజంగా చేసిన పని అంత తళతళలాడదేమోనని ఇంకా భయమేసేది. ఆయన్ని అడగొచ్చు. అడిగితే ఆయన అమ్మాయికి చెబుతారేమోనని అడగలేదు. ఈ నెలంతా ఇలాగే గడిచింది. కొన్ని రోజులు అనుమానాన్ని మింగేసి ఊరుకున్నాను. కొన్ని రోజులు ఊరుకోలేకపోయాను.

ఇవాళ పంతొమ్మిదో తారీఖు. పొద్దున పదిన్నర ప్రాంతంలో ఆయన హాల్లో కూర్చుని, చొక్కా చేతులు పైకి మడుచుకుని, పేపరు చదువుతున్నారు. కుడి ముంజేతి మీద అరచేయంత మచ్చ కనిపించింది. మధ్యలో నల్లగా, అంచుల్లో నీలంగా కమిలిపోయి ఉంది.

"ఇదేంటండీ?"

"ఏదో తగిలిందిలే" అని చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నారు.

అలాంటి మచ్చలు కౌంటరు అవతల చాలా చూశాను. చూడగానే చీటీ పక్కన పెట్టి, "ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి" అని పంపేసేదాన్ని. ఆ మాత్ర ఎక్కువైనవాళ్లకి చిన్న దెబ్బ తగిలినా చర్మం కింద అలా పరుచుకుంటుంది. చేతి మీద అంత పరుచుకుంటే తలలో ఎంత? కడుపులో ఎంత?

వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాను. సీసా తీశాను. దాని మీద చీటీ ఉంది, నా చేత్తో రాసిందే. "ఒకటో తారీఖు. ముప్ఫై." రోజుకొకటి చొప్పున ఇవాల్టిదాకా పంతొమ్మిది పోవాలి. పదకొండు మిగలాలి.

స్టీలు పళ్లెంలో పోసి, చాకు వెనకవైపుతో ఐదు పక్కకి నెట్టాను. మిగిలినవి నెట్టబోతే రెండే ఉన్నాయి.

ఏడు.

మళ్లీ కలిపి, మళ్లీ నెట్టాను. ఐదు, రెండు. సీసా బోర్లించి తట్టాను. అరలో వెతికాను, గట్టు కింద వెతికాను, మోకాళ్ల మీద వంగి డబ్బాల వెనక వెతికాను. నాలుగు మాత్రలు ఎక్కువ పోయాయి. నాలుగు రోజులు ఆయనకి రెండేసి ఇచ్చాను. నా చేత్తో ఇచ్చాను. అడగకుండా, చూడకుండా, ఆయన "ఊఁ" అన్నారు.

ఏయే రోజులో గుర్తు తెచ్చుకుందామని కళ్లు మూసుకున్నాను. పంతొమ్మిది పొద్దుటి పూటలు కావాలి నాకు. వందలొచ్చాయి. అన్నింట్లోనూ మూత కీచుమంటోంది. అన్నింట్లోనూ ఆయన అరచెయ్యి తెరుస్తున్నారు. ఏది వంటింట్లో జరిగిందో, ఏది బస్టాపులో జరిగిందో తేల్చుకోలేకపోయాను. నా తలలోకి నేనే వెళ్లి దారి తప్పాను.

తలుపు సందులోంచి ఆయన్ని చూశాను. తల వాల్చి ఉన్నారు. పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు పేపరు పేజీ తిప్పారు, ఊపిరి తీసుకున్నాను.

ఏం చేయాలో నాకు తెలియకపోవడమేమిటి. అమ్మాయికి ఫోన్ చేయాలి, ఆసుపత్రికి వెళ్లాలి, రక్తపరీక్ష చేయించాలి. ఫోన్ ఫ్రిజ్ మీదే ఉంది. చెయ్యి దాని దగ్గరికి వెళ్లింది. ఫోన్ చేస్తే అమ్మాయి వస్తుంది, సీసా చూస్తుంది, ఒక్క మాట కూడా అనదు. అనకుండానే నాన్న బట్టలు సంచిలో సర్దుతుంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

తర్వాత చేసిన పని చెప్పడానికి సిగ్గేస్తోంది. అయినా చెబుతాను. వచ్చే నెల కోసం తెచ్చిన కొత్త మాత్రల అట్టలు పైఅరలో ఉన్నాయి. ఒకటి చించి, నాలుగు మాత్రలు ఒత్తి పళ్లెంలో వేశాను. చాకుతో నెట్టాను. ఐదు, ఐదు, ఒకటి. పదకొండు. లెక్క సరిపోయింది. ఎంత హాయిగా అనిపించిందో. ఒకప్పుడు కౌంటర్లో నా కింద పనిచేసే అతను తగ్గిన లెక్కని ఇలాగే సరిచేస్తుంటే పట్టుకుని, అందరి ముందూ కడిగేశాను. "మాత్ర తగ్గిందంటే అది ఎవరి కడుపులోకో వెళ్లింది. నువ్వు కాగితం సరిచేస్తే ఆ కడుపు సరవుతుందా?" అన్నాను. ఆ మాటలు నా గొంతుతోనే వినిపించాయి. ఆ అరక్షణం హాయి అక్కడితో పోయింది. ఏడుపొచ్చింది.

తలుపు తెరుచుకుంది. ఆయన నీళ్ల కోసం వచ్చారు. పళ్లెం చూశారు, చించిన అట్ట చూశారు, నన్ను చూశారు. వెనక్కి వెళ్లారు. పడగ్గదిలో సొరుగు తీసిన చప్పుడైంది. తిరిగొచ్చి, అమ్మాయి షాపువాళ్లు ఇచ్చిన గట్టి కళ్లద్దాల పెట్టె పళ్లెం పక్కన పెట్టారు.

"తెరువు" అన్నారు.

తెరిచాను. కళ్లద్దాలు తుడుచుకునే గుడ్డ మడతలో తెల్ల మాత్రలు ఉన్నాయి.

"నువ్వు రెండోసారి ఇచ్చినప్పుడల్లా మింగలేదోయ్. నోటి దగ్గరికి తీసుకెళ్లి ఉత్త నీళ్లు తాగేవాణ్ని. నువ్వు గ్లాసు పట్టుకుని అటు తిరగ్గానే జేబులో వేసుకునేవాణ్ని. కంగారు పడకు, ఒక్కటీ ఎక్కువ లోపలికి వెళ్లలేదు."

"మరి చేతి మీద మచ్చ?"

"మొన్న ఈ పెట్టె దాస్తుంటే నువ్వు గభాల్న గదిలోకొచ్చావు. సొరుగు తోసేశా, చెయ్యి మధ్యలో ఉండిపోయింది" అని నవ్వబోయారు.

బతికిపోయాననుకున్నాను. మరుక్షణం కోపం తన్నుకొచ్చింది.

"రెండోసారి ఇస్తున్నానని మీకు తెలుసు. నోరు మూసుకుని కూర్చున్నారా? మొదటి రోజే చెబితే ఏమయ్యేది?"

"ఏమని చెప్పను? క్లాసులో ఫస్టు వచ్చానని నువ్వు చెప్పినప్పుడు నీ మొహం చూశా. పెళ్లినాటి మొహం అది. అదీకాక, చెబితే అమ్మాయి నన్ను తీసుకెళ్లిపోతుంది. నేనక్కడికెళ్లి ఏం చేస్తాను?" పెట్టె మూత మూసి, మళ్లీ తెరిచారు. "నాకూ భయమేస్తుందిగా. నీకొక్కదానికేనా?"

ఆయన భుజం మీద చెయ్యి వేశాను. అలా నిలబడే, రెండో చేత్తో పెట్టెలోని మాత్రల్ని పళ్లెంలో ఖాళీ చోట పోశాను. అలవాటు ఊరుకోదు కదా. చాకుతో ఐదు పక్కకి నెట్టాను. గుడ్డ మడతలో ఇంకేమీ మిగల్లేదు. సరిగ్గా ఐదు.

కొత్త అట్టలోంచి తీసిన నాలుగూ వేరు చేశాను. మళ్లీ లెక్కపెట్టాను. సీసాలో మిగిలినవి ఏడు. పెట్టెలో ఐదు.

"సరిపోయిందా?" అన్నారు ఆయన.

కౌంటర్లో అందరూ అడిగే ప్రశ్నే. సరిపోకుండా సరిపోయిందని నేనెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలనిపించింది. ఒక్క మాట, సరిపోయిందంటే చాలు. ఆయన నీళ్లు తాగి పేపరు దగ్గరికి వెళ్లిపోతారు.

"లేదండీ. ఒకటి ఎక్కువుంది" అన్నాను.

"ఎక్కువుంటే మంచిదేగా?"

"కాదు. సీసాలోంచి ఇరవై మూడు పోయాయి. అందులో మీరు దాచినవి ఐదు. అంటే మింగింది పద్దెనిమిది. ఇవాళ పంతొమ్మిదో తారీఖు. ఒకరోజు మీరు మాత్రే వేసుకోలేదు."

ఆయన పళ్లెం వైపు చూస్తూ నిలబడ్డారు. "నువ్విచ్చిన రోజల్లా వేసుకున్నానే. రెండోదే దాచా."

"నేను అసలివ్వని రోజు ఒకటుందేమో. లేకపోతే మొదటిదాన్నే రెండోదనుకుని మీరు దాచారేమో."

"లేదు లేదు. రెండోదే దాచా. ఆ రోజు నువ్వు..." అని ఆగిపోయారు. కళ్లు చిట్లించి గోడ వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. క్లాసులో ఎనిమిది మందిమీ అలాగే చూస్తాం. "రెండోదే. అనుకుంటా" అన్నారు.

ఇంతసేపూ నా తల ఒక్కటే చీకటి అనుకున్నాను. ఆయన తల వెలుతురనుకుని, నా చేతికీ ఆయన ప్రాణానికీ మధ్య ఒక కాపలా ఉందనుకున్నాను. ఏ రోజు తప్పింది? ఈ వారమా, పోయిన వారమా? నిన్ననా? వాల్వు దగ్గర ఇప్పుడు చిన్న గడ్డ కడుతోందా? తప్పింది నేనా, ఆయనా? ఆ సంగతి తెలిసినవాళ్లు ఈ ఇంట్లో ఎవరూ లేరు. ఉన్నవాళ్లం ఇద్దరమే.

ఫోన్ తీశాను. అమ్మాయి పేరు కోసం రెండుసార్లు వెతికాను.

"ఏంటమ్మా, షాపులో ఉన్నాను" అంది. వెనక అద్దాలు కోసే మిషను కీచుమంటోంది.

"నాకు భయంగా ఉందే" అన్నాను.

నా నోట ఆ మాట అది ఎప్పుడూ వినలేదు. మిషను చప్పుడు ఆగింది.

"నాన్నకేమైంది?"

"తెలియదు. అదే చెబుతున్నా. మాత్రలు రెండేసి ఇచ్చాను. ఆయన దాచారు. ఒకరోజు అసలు వేసుకోలేదు. ఏ రోజో నాకు తెలియదు, ఆయనకీ తెలియదు. లెక్కపెట్టాను. ఒకటి తేడా వచ్చింది తల్లీ. నువ్వొచ్చెయ్."

"వస్తున్నాను. నాన్నకి మాట తడబడుతోందా? చెయ్యి కాలు బాగానే ఆడుతున్నాయా?"

"బాగానే ఉన్నారు. ఎదురుగానే నిలబడ్డారు."

"ఆటోలో వచ్చేస్తా, అట్నుంచటే ఆసుపత్రికి వెళ్దాం. అమ్మా, విను. నేనొచ్చేదాకా ఆయనకి ఏమీ ఇవ్వకు. ఇవాల్టిది ఇచ్చావో లేదో అని కూడా ఆలోచించకు. ఏమీ ఇవ్వకు."

"ఇవ్వను" అన్నాను.

ఫోన్ పెట్టేసి, అల్మరాలోంచి ఆ ఏడు గదుల డబ్బా తీసుకొచ్చాను. మూతలు ఒక్కొక్కటే తెరిచి గుండీలన్నీ పాత కవరులో వంచాను. ఎర్రవీ తెల్లవీ అన్నీ కలిసిపోయాయి. డబ్బా కడిగి, తుడిచి, బల్ల మీద పెట్టాను. మాత్రలు మాత్రం అందులో వేయలేదు. ఆ పని అమ్మాయిది. సీసా, కళ్లద్దాల పెట్టె, పళ్లెం, ఎక్కడివక్కడే ఉంచాను. లెక్క ఎలా ఉందో అలాగే అది చూడాలి.

ఆయన సోఫాలో ఒక పక్కకి జరిగి నాకు చోటిచ్చారు. కూర్చున్నాను.

"తీసుకెళ్తానంటే వెళ్తారా?" అని అడిగాను.

"నువ్వేమంటావు?"

"వెళ్లండి."

ఆయన తలూపారు. గోడ గడియారం కింద ఇద్దరం కొత్తవాళ్లింటికి వచ్చినట్టు సర్దుకుని కూర్చున్నాం. ఇప్పటికి మూడుసార్లు ఆయన చేత తన పేరు చెప్పించాను, మాట తడబడుతోందేమో చూద్దామని. మూడుసార్లూ సరిగ్గానే పలికారు. అమ్మాయి రావడానికి ఇంకా పది నిమిషాలుంది. కింద ఆటో ఆగిన చప్పుడైతే లేచి కిటికీలోంచి చూశాను. అది కాదు. మళ్లీ వచ్చి పక్కన కూర్చున్నాను.

భయం ఆపుకోలేకపోయాను. ఆయన చెయ్యి పట్టుకుందామని నా చెయ్యి చాచాను.

ఆయన నా వైపు చూడనైనా లేదు. అరచెయ్యి తెరిచి, నోరు కొద్దిగా తెరిచి, ఎదురుచూశారు.

నా చేతిలో ఏమీ లేదు. లేదని రెండుసార్లు చూసుకున్నాను.